ఫైలు నుంచి మదర్‌బోర్డు వరకు

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపడానికి తగిన పాత కంప్యూటర్‌ను భాగం భాగంగా ఎంచి కూర్చడం చాలాచోట్ల చిన్ననాటి ఆటల మీది మమకారంతో సాగే వ్యాపకమే అయినా, తిరుపతి, చిత్తూరు, కుప్పం వంటి ఊళ్ళలో దాని వెనుక అంతకన్న గట్టి అవసరం ఒకటి ఉంది: పాత తెలుగు ఫైళ్ళను తెరవడం. ప్రతి లిపిలోని అక్షరానికీ తనదైన సంకేతం ఇచ్చే యూనికోడ్ 1991లో వెలువడింది. దాని తొలి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికినా, విండోస్‌లో అది గౌతమి ఫాంట్‌తో సహా అమరింది 2001 నాటి ఎక్స్‌పీతోనే. నడుమ గడిచిన ఆ పదేళ్ళలోను, అలవాటు బలం వల్ల ఆ తరువాత ఎన్నో ఏళ్ళపాటూ, ముద్రణకు పేజీలు కూర్చే డీటీపీ కేంద్రాలు తెలుగును పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ వంటి ఫాంట్లతో కూర్చాయి. ఆ ఫాంట్లలో అక్షరానికి తనదైన సంకేతం లేదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన 256 గళ్ళలో సర్ది, ముక్క పక్కన ముక్క పేర్చి అక్షరానికి ఆకారం తెప్పించేవారు. అదే ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది పొంతన లేని ఇంగ్లీషు అక్షరాల వరుస మాత్రమే.

1954 నుంచి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1978 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టు, 1997 నుంచి కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పనిచేస్తున్న ఈ సీమలో, ఆ కాలపు సిద్ధాంత వ్యాసాలు, స్థలపురాణాలు, చిన్న ప్రెస్సులు వేసిన కవితా సంపుటాలు ఫ్లాపీలలోను సీడీలలోను ఉండిపోవడం సహజం. అన్నమాచార్యుల వంటి తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకును చదవడానికి లిపి తెలిసిన మనిషి ఉంటే చాలు. 1999లో కూర్చిన పుస్తకపు ఫైలుకు మాత్రం ఫాంటు, ఆ ఫాంటును వాడే సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్‌ను మోసే విండోస్, ఆ విండోస్ గుర్తించే యంత్రం, ఇవన్నీ ఒకేసారి సమకూడాలి.

యంత్రాన్ని ఎంచేవారు ఈ గొలుసును ఫైలు వైపు నుంచి పట్టుకోవాలి. సాధారణంగా కొనేవారి చూపు మొదట ప్రాసెసర్ వేగం మీద పడుతుంది గాని, ఆ ఫైళ్ళ కాలానికి చెందిన విండోస్ 98లో పేజ్‌మేకర్ పనికి ఆనాటి మామూలు పెంటియమ్ 3 కూడా ధారాళంగా సరిపోతుంది. యంత్రం పనికొస్తుందో లేదో తేల్చేది డ్రైవర్, అంటే ఫలానా భాగంతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాము. విండోస్ 98కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2006 జూలై 11తో ముగిసింది. ఆ తరువాత తయారైన భాగాలకు దాని డ్రైవర్లు దొరకడం అరుదు. కనుక యంత్రం ఎంత కొత్తదైతే అంత మేలన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును, స్లాట్లను కలిపి నడిపించే చిప్‌సెట్ ఏదో తెలుసుకున్నాకే మిగతా భాగాల మాట ఎత్తాలి.

ఇంటెల్ వారి రెండు చిప్‌సెట్లు ఈ పనికి ప్రత్యేకంగా చెప్పుకోదగినవి: 1998లో వచ్చిన 440బీఎక్స్, 2000లో వచ్చిన 815. మొదటిది ఎంతో నిలకడైనది, అదనపు కార్డులు గుచ్చే పాత ఐసా స్లాట్లు కూడా దాని బోర్డుల మీద ఉంటాయి. కాని మెమరీ విషయంలో దానితో జాగ్రత్త అవసరం. సెకండ్ హ్యాండ్ దుకాణంలో రెండు 256 ఎంబీ ర్యామ్ కడ్డీలు పక్కపక్కన పెడితే వాటి మీది చీటీలు ఒకటే చెప్పినా, ఒకదానికి రెండు వైపులా కలిపి పదహారు చిప్‌లు, మరొకదానికి ఎనిమిదే ఉండవచ్చు. ఈ రెండో రకంలో ఒక్కో చిప్ సామర్థ్యం 440బీఎక్స్ లెక్కించగల హద్దును మించిపోవడం వల్ల ఆ కడ్డీ సగమే, అంటే 128 ఎంబీగానే కనిపిస్తుంది. చీటీని నమ్మక చిప్‌లను లెక్కపెట్టేవారే ఇక్కడ మోసపోకుండా ఉంటారు. 815కు 512 ఎంబీ మించి అమర్చడమే కుదరదు. ఇది లోపంగా కనిపించినా విండోస్ 98కు అనుకోని మేలు, ఎందుకంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మెమరీ అంతకు మించితే ఫైళ్ళ తాత్కాలిక నిల్వకు కేటాయించే చోటు అదుపు తప్పి, మెమరీ చాలదన్న విడ్డూరమైన సందేశం వచ్చే ప్రమాదం ఉంది.

హార్డ్ డిస్కు 137 జీబీ లోపుదై ఐడీఈ రకానిదైతే పేచీ లేదు. పెన్‌డ్రైవ్‌ను విండోస్ 98 తనంతట గుర్తించదు గనుక ఔత్సాహికులు తయారుచేసిన డ్రైవర్‌ను ముందే సీడీలో ఎక్కించి ఉంచుకోవాలి.

అసలు చిక్కు తరచు యంత్రం వెనుక వైపున, ప్రింటర్ తగిలించే ప్యారలల్ పోర్టు దగ్గర ఎదురవుతుంది. ఆ కాలపు కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌లు ఆ పోర్టుకు బిగించే లాక్ లేనిదే తెరుచుకోవు. దీనినే డాంగిల్ అని కూడా అంటారు. నేడు అంగడిలో దొరికే యూఎస్‌బీ మార్పిడి తీగ ప్రింటర్‌ను నడుపుతుందే గాని, లాక్ వెతికే పోర్టు చిరునామాను చూపలేదు. కాబట్టి బోర్డు మీదనే ఆ పోర్టు ఉండి తీరాలి. ఇంకా వెనక్కు వెళితే, ఐఐటీ కాన్పూర్‌లో పురుడు పోసుకుని పుణేలోని సీడాక్ చేతిలో పెరిగిన జిస్ట్ కార్డు ఉంది. విండోస్‌కు ముందటి డాస్ తెర మీద తెలుగుతో సహా భారతీయ లిపులను చూపిన ఆ కార్డుకు ఐసా స్లాట్ కావాలి, అది 815 బోర్డులలో సాధారణంగా ఉండదు. అలాంటి పని ఉన్నవారికి ఈ రెండింటిలో 440బీఎక్స్ తప్ప దారి లేదు.

ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో మరొక పరీక్ష తప్పదు. ఆ కాలంలో తయారైన ఎన్నో బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు, అంటే విద్యుత్తును నిలవచేసి సమంగా అందించే చిన్న డబ్బాలు, వేడికి పైమూత ఉబ్బి పాడయ్యాయి. కొనేముందు ప్రాసెసర్ చుట్టూ ఉన్న డబ్బాల తలలను వేలితో తడిమి చూడాలి. చదునుగా ఉండక ఉబ్బినదో, గోధుమరంగు మరక తేలినదో ఒక్కటి కనబడినా ఆ బోర్డును వదిలేయడమే మేలు. విండోస్ 98 వాడే ఫ్యాట్32 పద్ధతి కరెంటు హఠాత్తుగా పోతే ఫైళ్ళను చెదరగొడుతుంది గనుక యూపీఎస్‌ను కూడా యంత్రంలో భాగంగానే లెక్కించాలి. యూపీఎస్ బ్యాటరీల కోసం తిరుపతివారు దూరం వెతకనక్కరలేదు, అమరరాజా వారి కర్మాగారం కరకంబాడిలోనే ఉంది.

కొత్త కంప్యూటర్‌లోనే పాత విండోస్‌ను నడిపే వర్చువల్ మెషీన్ ఉండగా ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న సబబైనదే. ఫాంట్లు దొరికి, లాక్ అక్కరలేని ఫైలుకు అది చాలు, దానినే మొదట ప్రయత్నించాలి కూడా. లాక్, కార్డు, పాత స్కానర్ వంటివి అడ్డుపడినప్పుడే అసలు యంత్రం అవసరమవుతుంది. అది సిద్ధమయ్యాక ఇంటర్నెట్‌కు కలపకుండా, తెరిచిన ప్రతి ఫైలును ముందుగా పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ముద్రించి పీడీఎఫ్‌గా మార్చి పేజీ ఆకారాన్ని భద్రం చేసి, ఆ తరువాతనే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడం సరైన వరస. మార్పిడి ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర, ముఖ్యంగా రెండు ఒత్తులు కలిసే సంయుక్తాక్షరాల దగ్గర, ముక్కల క్రమాన్ని తారుమారు చేస్తాయి. ప్రూఫు చూసేవారు ఆ పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని చివరి పేజీ వరకు దిద్దడం ముగిసేదాకా పాత యంత్రాన్ని విప్పకూడదు.