రెండోసారి వెళ్ళిన ఇల్లు

ఫీల్డ్‌వర్క్‌కు వెళ్ళే విద్యార్థులకు మేమిచ్చే ఫారంలో మొదటి ప్రశ్న: మీ ఇంట్లో ఎంతమంది? చూడ్డానికి అన్నిటికన్నా తేలిక. ఇన్నేళ్ళు హ్యూమన్ డెవలప్‌మెంట్, ఫ్యామిలీ స్టడీస్ చెప్పాక నన్ను ఎక్కువ భయపెట్టే ప్రశ్న అదే.

జనాభా లెక్కల వాళ్ళు ఒకచోట ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళను ఒక కుటుంబంగా రాసుకుంటారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఓసారి మా ఎమ్మెస్సీ అమ్మాయి జగిత్యాల దగ్గరి ఊళ్ళో ఓ నాయనమ్మను అడిగింది. "ఐదుగురం బిడ్డా" అందావిడ. కనిపించింది మాత్రం ఆమె, కోడలు, ఇద్దరు పిల్లలు. "కొడుకు దుబాయిల ఉన్నడు" అంది. మా అమ్మాయి ఫారంలో 'నాలుగు' అని వేసుకొచ్చింది. నిర్వచనం ప్రకారం అది సరైన అంకే.

ఫారం అంచున పెన్సిలుతో ఇంకో మాట రాసి ఉంది: నాలుగేళ్ళ చిన్నోడు రాత్రి పదకొండు దాటితే గానీ పడుకోడు. ఎందుకో కనుక్కోమని మళ్ళీ పంపాను. తండ్రి డ్యూటీ దిగేసరికి అక్కడ తొమ్మిది, మనకు పదిన్నర. వీడియో కాల్‌లో నాన్న కనబడేదాకా వాడు కన్ను మూయడు. పొద్దున అంగన్‌వాడీలో కునికిపాట్లు. 'మందకొడి పిల్లాడు' అన్న పేరు అప్పటికే పడిపోయింది.

బిడ్డ ఎన్నడూ అడుగుపెట్టని చోటు, తండ్రి పనిచేసే చోటు లాంటిది, బిడ్డ ఎదుగుదలను మలుస్తుందని యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979 నాటి పుస్తకంలో వివరించాడు. ఏటా బోర్డు మీద బిడ్డ చుట్టూ ఉండే ఇలాంటి చోట్లను వలయాలుగా గీసి చెబుతాను, విద్యార్థులు పరీక్షలో అవే గీసి వస్తారు. ఈ చిన్నోడి నిద్ర సంగతి చెప్పిన ఏడాది మాత్రం ఇద్దరు లేచి తమ మేనత్తల ఇళ్ళ గురించి మాట్లాడారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం దాదాపు 3,000 మంది పిల్లల ఇళ్ళకు కొన్నేళ్ళకోసారి మళ్ళీ వెళ్ళింది. దాని బలమంతా ఆ తిరిగి వెళ్ళడంలోనే ఉంది. నెలల్లో థీసిస్ కట్టి ఇవ్వాల్సిన మా అమ్మాయిలకు ఆ వీలేదీ?

ఇప్పుడు మా ఫారంలో ఆ మొదటి ప్రశ్న చోట రెండున్నాయి: ఈ పొయ్యి మీద తినేవాళ్ళెందరు? మీ లెక్కలో ఇంటివాళ్ళెందరు? తోటి గైడ్లకు నా మనవి: ఆ రెండు అంకెలూ కలవని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళిరావడానికి మీ విద్యార్థులకు ఒక్క వారం ఇవ్వండి.