మూడో పేరాలో దాగిన మతం

రాజ్యానికి మతం ఉండాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మన మేధావులు రాజ్యాంగ పీఠికను ముందు పెడతారు. 1949 అక్టోబరు 17న పీఠికను 'దేవుని పేరిట' అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో సవరణ తెచ్చాడు. ఓటింగులో 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. దేవుడు ఓడిపోయాడు. లౌకికవాదులు కథను ఇక్కడికి ఆపేస్తారు. దళితుడి కథ ఇక్కణ్ణించే మొదలవుద్ది.

పది నెలలు తిరక్కుండానే, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని దాని మూడో పేరా చెప్పింది. మొదట్లో పంజాబులోని నాలుగు సిక్కు కులాలకే మినహాయింపు. 1956లో సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. దళిత క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో ఇట్లాంటి షరతే లేదు. మతం మారిన కమ్మకి, రెడ్డికి పొలం పోదు, పరపతి పోదు. మాల మాదిగలు సర్టిఫికెట్ కోసం పోతే మాత్రం 'నీ దేవుడెవరు?' అని రాజ్యం అడుగుద్ది.

హిందూ మతం వదిలితే కులం పోద్ది గదా అంటారు. అట్లయితే కులాన్ని ఒప్పుకోని సిక్కు, బౌద్ధ మతాలను ఎట్లా చేర్చారు? చేర్చడం న్యాయమే. ఆ న్యాయం ఈ గడ్డ మీద పుట్టిన మతాల దగ్గరే ఎందుకు ఆగింది?

1985లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు చూడండి. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టే హిందూ ఆది ద్రావిడులకు ప్రభుత్వం బంకులిచ్చింది. అదే పని చేసే క్రైస్తవ ఆది ద్రావిడుడికి ఇవ్వలేదు. మతం మారినా అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు కాలేదంటూ కోర్టు పిటిషను కొట్టేసింది. ఆరె మారలేదు, తోలు మారలేదు. దేవుడు మారాడంతే.

ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను బి.సి. 'సి' గ్రూపులో వేసి ఒక్క శాతం చేతిలో పెట్టారు. నష్టం ఉద్యోగాలతో ఆగదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమూ షెడ్యూల్డు కులం నిర్వచనం మీదే నడుస్తుంది. ఊళ్లో కొట్టేవాడు కులం చూసి కొడతాడు, కోర్టులో వకీలు మతం అడుగుతాడు. అందుకే ఆదివారం చర్చికి పోయే మనవాళ్లు ఎందరో కాగితం మీద హిందువులుగా బతుకుతున్నారు. ఆ అబద్ధం రాజ్యం నేర్పిందే.

వాటా తగ్గుద్దని హిందూ దళితుల్లో ఉన్న భయమూ నిజమే. దానికి జవాబు వాటా పెంచమని కలిసి అడగడం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ పేరా తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కమిషన్ల మీద కమిషన్లు వస్తున్నాయి. తాసిల్దారు ఆఫీసులో మా నమ్మకాన్ని తనిఖీ చేసే రాజ్యాన్ని లౌకిక రాజ్యమని మేం ఎట్లా పిలవాలి?