ముందు ఏది కడగాలి

వరదలో మునిగి ఉన్న ఇనుము కన్నా, వరద తీశాక తడిగా పడి ఉన్న ఇనుము తొందరగా పాడవుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా మొదట నమ్మరు. తుప్పుకు నీళ్లే కదా కారణం, పైకి తీశాక ఇంకేం భయం అంటారు. కానీ తుప్పుకు నీళ్లతో పాటు గాలీ కావాలి. లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ 7, 8 మిల్లీగ్రాములు. మురుగు కలిసిన వరద నీటిలో అంత కూడా ఉండదు. అదే లీటరు గాలిలో అంతకు 30 రెట్లకు పైగా ఉంటుంది. లోహం మీద పల్చటి తడి, ఆ తడి మీద ధారాళంగా గాలి. ఈ రెండూ కలిసేది నీళ్లు తీసిన తర్వాతే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ఆ కాలువ కలవాల్సిన కృష్ణ అప్పటికే నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. జనానికి పాల ప్యాకెట్టు, మంచినీళ్ల సీసా అందడమే గగనమైన ఆ రోజుల్లో పాత కారు సామాను గురించి నోరెత్తడం బాగుండేది కాదు. ఇప్పుడు రాయొచ్చనుకుంటున్నాను.

మా షెడ్డులో అప్పటికి ఒక ప్రీమియర్ పద్మిని విప్పి ఉంది. ఇంజను నేల మీద, గేర్‌బాక్సు బల్ల మీద, చిల్లర సామాను రాక్‌లో. ఆ కారు తయారీ ఆగి పాతికేళ్లు దాటుతోంది. అంబాసిడర్ కూడా 2014లో ఆగిపోయింది. ఇలాంటి బండ్లకు చాలా పార్టులు కంపెనీ డబ్బాలో రావు. ఇంకో బండి తుక్కుకు వెళ్తేనే మన చేతికొస్తాయి. కాబట్టి పోయిందాన్ని కొనుక్కుందాం అనే ధీమా ఉండదు.

నీళ్లు మోకాలి దాకా తగ్గగానే ఆటోనగర్ నుంచి మా మేస్త్రీ వచ్చారు. నేను రాక్‌లోని సామానంతా డాబా మీద ఎండలో పరచబోతుంటే ఆపారు.

“ఎండలో పెట్టకండి సార్. ఇవాళ ఎన్ని కడగగలం?”

“సాయంత్రానికి ఓ పది.”

“ఆ పదీ బయట ఉంచండి. మిగతావి సోడా నీళ్లలో పడేయండి.”

బట్టల సోడా కలిపిన నీటి డ్రమ్ములో ఇనుమును ముంచి ఉంచితే తుప్పు దాదాపు ఆగిపోతుంది. నీటిలో క్షారం తగినంత ఉన్నప్పుడు ఇనుము మీద కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. కాంక్రీటు స్తంభం లోపలి చువ్వ ఏళ్ల తరబడి నిలిచేది ఈ క్షారగుణం వల్లే. మ్యూజియాల వాళ్లకూ ఈ సంగతి కొత్త కాదు. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో చార్లెస్టన్ దగ్గర మునిగిన హన్లీ జలాంతర్గామిని 2000లో పైకి తీశాక ఆరబెట్టలేదు. మొదట చల్లటి నీటి తొట్టిలో, తర్వాత కాస్టిక్ సోడా ద్రావణంలో ఏళ్ల తరబడి ఉంచారు. మన డ్రమ్ము దానికి చిన్న తమ్ముడు. అల్యూమినియం పిస్టన్లను, కార్బురేటర్ బాడీలను మాత్రం అందులో వేయకూడదు, సోడా వాటిని తినేస్తుంది.

డ్రమ్ము వల్ల మనకు దొరికేది వ్యవధి. ఆ వ్యవధిలో ఏది ముందు అన్నది తేల్చుకోవాలి. లేత్ మీద, గ్రైండింగ్ మీద తేల్చిన నునుపు తలాలు ముందు. క్రాంక్‌షాఫ్ట్ జర్నల్, క్యామ్‌షాఫ్ట్, సిలిండర్ బోరు, గేరు పళ్లు. వీటి కొలతలు మిల్లీమీటరులో వందో వంతు దాకా లెక్కకు వస్తాయి. జర్నల్ మీద తుప్పు గుంట పడిందంటే గ్రైండింగ్ చేయించి, దానికి సరిపడే అండర్‌సైజు బేరింగులు వెతుక్కోవాలి. డోరు రేకు సంగతి వేరు. అది తుప్పు పట్టినా మంచి టింకరు కొత్త ముక్క అతికిస్తాడు. మెరిసే బంపరు వైపు చెయ్యి ముందు పోతుంది గానీ అది ఆగగలదు.

ఇక ఇంజను. మునిగిన ఇంజనును స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది. సిలిండర్లో నీళ్లుంటే పిస్టను వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులన్నీ విప్పి, చేత్తో మెల్లగా తిప్పితే నీళ్లు ఆ రంధ్రాల గుండా బయటికొస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మొత్తం దించేయాలి.

కడగడంలోనూ వరస ఉంది. తడిసిన సామానును మళ్లీ నీళ్లతో కడగడమేమిటని చాలామంది నేరుగా డీజిల్ కొడతారు. బురద మీద నూనె పడితే లోపలి తడి అక్కడే ఉండిపోతుంది, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. ముందు మంచినీళ్లు, బ్రష్షు. బురద పూర్తిగా పోయాక కంప్రెసర్ గాలి. ఆ వెంటనే నూనె. ‘వెంటనే’ అంటే భోజనం చేసి వచ్చాక అని కాదు. కడిగిన ఉక్కు మీద నిమిషాల్లో నారింజ రంగు పొర వచ్చేస్తుంది. వట్టి చేత్తో పట్టుకున్న చోట చెమటలోని ఉప్పుకు వేలిముద్రలు తుప్పుగా తేలతాయి. బేరింగుల్లోకి బురద చేరితే వాటి మీద ఆశ వదులుకోవడమే మంచిది. గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టడం ప్రమాదం, పగిలి ముఖం మీదికి రాగలవు.

నూనెల్లోనూ తేడా ఉంది. డబ్ల్యూడీ-40ని 1953లో శాన్ డియాగోలో తయారుచేశారు. నీటిని తొలగించే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది గనుక ఆ పేరు. నీటిని నెట్టేయడం దాని పని, నెలల తరబడి కాపలా కాయడం కాదు. దాచిపెట్టే సామానుకు రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్ గానీ గ్రీజు గానీ దట్టంగా పట్టించాలి. కొత్త ఇంజను పార్టులు చుట్టి వచ్చే వీసీఐ కాగితం కూడా మంచిదే. దాంట్లోంచి మెల్లగా వచ్చే ఆవిరి లోహం మీద పొరగా కూర్చుంటుంది. కవరు గట్టిగా మూసి ఉంచినంత కాలమే దాని బలం.

అప్పటికే తుప్పు పట్టినవాటికి మళ్లీ సోడా నీళ్లే. ప్లాస్టిక్ తొట్టిలో 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా సోడా. బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ క్లిప్పు పార్టుకు, పాజిటివ్ క్లిప్పు పనికిరాని ఇనుప కడ్డీకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. క్లిప్పులు తారుమారైతే పార్టే కరుగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయాలి. కడ్డీగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. స్ప్రింగులను ఇందులో వేయకూడదు, హైడ్రోజన్ లోపలికి చేరి అవి పెళుసెక్కుతాయి.

రంగు వేయాల్సిన మొరటు రేకులకు టానిన్ ఉన్న కన్వర్టర్ పూస్తే ఎర్రటి తుప్పు నల్లగా మారి నిలకడ పడుతుంది. మనకు ఆ రసాయనం పరాయిది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఊరిన ఇనుప ముక్కల ద్రావణం తగిలితే నలుపు తేలుతుంది. కరక్కాయ టానిను, ఇనుము కలిసిన నలుపే అది.

ఇన్ని చేశాక కూడా క్రాంక్‌షాఫ్ట్ అంచుల మీద, గేర్ల పక్క తలాల మీద బూడిద రంగు మచ్చలు మిగులుతాయి. ఎమెరీ పేపరు తీసుకుని అవి పోయేదాకా రుద్దాలని చెయ్యి తహతహలాడుతుంది. రుద్దితే మచ్చతో పాటు కొలతా పోతుంది. బేరింగు తిరగని చోట ఉన్న మచ్చ వల్ల నష్టం లేదు. మా ఇంట్లో చూసినవాళ్లు “ఇంకా తుప్పు ఉందే” అంటారు. అది తుప్పు కాదు, ఆగిపోయిన తుప్పు అని చెప్పి చెప్పి ఊరుకున్నాను. కనిపించని చోటే నాకు భయం. డోరు అడుగులు, గుమ్మం కింద బోలుగా ఉండే సిల్ పెట్టెలు. వాటి అడుగు రంధ్రాలు బురదతో మూసుకుపోతే ఎండాకాలం దాకా లోపల తడి ఆరదు. ఇనుప తీగతో పొడిచి, గొట్టం పెట్టి కడిగి, ఆరాక మైనం స్ప్రే కొట్టాల్సిందే.

వరద తర్వాత నేర్చుకున్న ఈ వరసనే ఇప్పుడు షెడ్డు సర్దడానికి వాడుతున్నాను. ఇదివరకు బరువును బట్టి, అందుబాటును బట్టి సర్దేవాణ్ణి. ఇప్పుడు ఆటోనగర్‌లో రేపు ఉదయం దొరికేవన్నీ కింది అరలో. వెతికితే దొరికేవి మధ్యలో. ఎవరూ తయారు చేయనివి అటక మీద, కాగితం చుట్టి, కవరు మూసి. ఇంజను బ్లాకును ఎత్తలేం కనుక అది నేల మీదే ఉంటుంది, బోర్ల నిండా గ్రీజుతో. ఏటా వానలకు ముందు ఆ గ్రీజు మార్చాలి, కవర్లు విప్పి చూసి మళ్లీ చుట్టాలి. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ఈ వేసవిలోనే ఒక పూట కూర్చుని ఏది కింద, ఏది పైన అని తేల్చుకోండి. నీళ్లు గుమ్మంలోకి వచ్చాక ఆ లెక్క తేలదు.