సెల్ పారేసే ముందు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో స్తంభాల వెంట నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, వాటి నడుమ ఫైనలియర్ ప్రాజెక్టులు చేసిపెడతామనే బోర్డులు వరసగా కనిపిస్తాయి. డబ్బు కడితే సర్క్యూటు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ చేతికొస్తాయి. పిల్లల్ని నేను తప్పుపట్టను, గడువులూ మార్కులూ వాళ్లను తరుముతుంటాయి. కానీ నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు ఒక్క పెన్సిల్ సెల్ లోపల ఏముందో చూడకుండానే పట్టా పుచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఈ విద్య మొదలుపెట్టడానికి పొద్దున్నే స్వచ్ఛ ఆటోలో పడే సరుకు చాలు. అందులో నాకు ఎక్కువ ఇష్టమైంది అయిపోయిన బ్యాటరీ.

అది నిజంగా అయిపోయిందా అన్నది ముందు చూడాలి. బొమ్మకారులో మోటారుకు కరెంటు బాగా కావాలి. వాడిన సెల్ లోపల నిరోధం పెరిగిపోయి ఉంటుంది కాబట్టి మోటారు లాగగానే వోల్టేజీ కుంగిపోతుంది, కారు ఆగిపోతుంది. అదే సెల్‌ను టీవీ రిమోట్‌లో వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. రిమోట్ కూడా వద్దన్నాక గోడ గడియారంలో వేస్తే ఇంకొన్నాళ్లు ముల్లు తిప్పుతుంది. మా ఇంట్లో సెల్లు ఈ వరుసలోనే మెట్లు దిగుతాయి. మల్టీమీటరు ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఊరికే కొనలకు ఆనించి చూస్తే నీరసపడిన సెల్ కూడా మంచి అంకె చూపిస్తుంది. పది ఓముల రెసిస్టరు ఒకటి అడ్డంగా పెట్టి, కరెంటు పారుతుండగా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ట్రాన్సిస్టర్ రేడియో రోజుల్లో నెల్లూరులో తయారైన నిప్పో సెల్లు నీరసిస్తే ఎండలో పెట్టి మళ్లీ వేసుకునేవాళ్లం. అది పిచ్చి నమ్మకం కాదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకై, మిగిలిన కాస్త శక్తి బయటికి వచ్చేది, వార్తలు వినేంతసేపు.

గడియారం కూడా తోసేసిన సెల్‌కు ఇంకో పని ఉంది. 1999 నవంబరులో ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్ అనే బ్రిటన్ పత్రికలో ఒక చిన్న సర్క్యూటు అచ్చయింది. తర్వాత దానికి జూల్ థీఫ్ అన్న పేరు స్థిరపడింది. ఒక ఫెర్రైట్ రింగు, దాని మీద సన్నటి ఎనామెల్ తీగతో రెండు చుట్టలు, ఒక ట్రాన్సిస్టరు, ఒక వెయ్యి ఓముల రెసిస్టరు, ఒక ఎల్‌ఈడీ, అంతే. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే మూడు వోల్టులు కావాలి, మన సెల్‌లో ఒక వోల్టు కూడా మిగల్లేదు. ఈ సర్క్యూటులో తీగచుట్టలోకి కరెంటు పెరుగుతూ వస్తుంది, ట్రాన్సిస్టరు దాన్ని ఠక్కున ఆపేస్తుంది. కూలిపోతున్న అయస్కాంత క్షేత్రం ఆ క్షణంలో వోల్టేజీని పైకి ఎగదోస్తుంది. సెకనుకు వేల సార్లు ఇలా జరగడంతో కంటికి దీపం నిలకడగానే కనిపిస్తుంది. సెల్ సుమారు 0.6 వోల్టులకు పడిపోయేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. రింగు కొననక్కర్లేదు, పాడైన కంప్యూటర్ పవర్ సప్లైలో దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మరు సూత్రం, ఇండక్టరు, ట్రాన్సిస్టరు స్విచ్చుగా పనిచేయడం, రెండో ఏడాది సిలబస్‌లో సగం అరచేతిలోనే ఉంటుంది. కొన్న ప్రాజెక్టులో ఇది దొరకదు.

ఇక విప్పడం సంగతి. విప్పే ముందు సెల్ ఒంటి మీద ఉన్న అక్షరాలు చదవాలి. పెన్సిల్ సెల్ మీద ఆర్6 అని ఉంటే అది మామూలు కార్బన్-జింక్ సెల్. ఎల్‌ఆర్6 అని ఉంటే ఆల్కలైన్. ఆల్కలైన్ సెల్‌ను ఎప్పుడూ కోయకూడదు. అందులో ఉన్నది పొటాషియం హైడ్రాక్సైడ్. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

కార్బన్-జింక్ సెల్‌ది 1866లో ఫ్రాన్సు ఇంజనీరు జార్జ్ లెక్లాంషే చేసిన సెల్ వంశం. ఆయనది గాజు జాడీలో తొణికే ద్రవం. 1880లలో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ దాన్ని పొడి సెల్‌గా మార్చి, జింకు డబ్బానే పాత్రగానూ మైనస్ కొనగానూ చేశాడు. సెల్ వాడేకొద్దీ ఆ డబ్బాయే కరిగిపోతుంటుంది. మరిచిపోయిన రిమోట్‌లో సెల్ కారడానికి ఇదే కారణం, గోడకు చిల్లు పడి లోపలి రసం బయటికొస్తుంది.

చేతి తొడుగులు వేసుకుని, పాత పేపరు పరిచి, పైరేకు విప్పితే మధ్యలో నల్లటి కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ మసి కనిపిస్తాయి. మసిని సింకులో కడగొద్దు, పేపరులోనే మూట కట్టి పక్కన పెట్టాలి. కడ్డీని దాని ఇత్తడి టోపీతో సహా తీసుకుంటే తీగ కట్టడానికి వీలుగా ఉంటుంది. రెండు కడ్డీలను చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచి 9 వోల్టులు ఇస్తే ఒక వైపు హైడ్రోజన్, ఇంకో వైపు ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. ఉప్పు మాత్రం వేయకండి, క్లోరిన్ వస్తుంది. పుస్తకంలో హైడ్రోజన్ రెండింతలు అని ఉంటుంది. కార్బన్ కడ్డీలతో ఆ లెక్క సరిగ్గా కుదరదు, ఎందుకంటే ఆక్సిజన్‌లో కొంత కడ్డీనే తినేస్తుంది, నీళ్లు నల్లబడతాయి. లెక్క ఎందుకు తప్పిందని పిల్లాడు అడిగాడంటే ఆ రోజు చదువు అయినట్టే.

అన్నిటికన్నా ఉపయోగపడేది 9 వోల్టుల బ్యాటరీ తల. అడుగు రేకు మడత ముక్కు పటకారుతో విప్పి, లోపలి సెల్లను గుచ్చకుండా, టిచ్ బటన్లున్న పై పలకను ఊడదీయాలి. రెండు తీగలు సోల్డరు చేసి, వెనక గ్లూగన్‌తో జిగురు వేస్తే కొత్త బ్యాటరీకి కనెక్టరు తయారు. ఇక్కడే చాలామంది తడబడతారు. బ్యాటరీ మీద చిన్న బటన్ ప్లస్, పెద్దది మైనస్. మన పలక ఎదురుగా వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఇప్పుడు ఎర్ర తీగ పెద్ద బటన్‌కు, నల్ల తీగ చిన్నదానికి. ఇది తిరగబడితే ఐసీ కాలిపోతుంది.

లాప్‌టాప్ బ్యాటరీల దగ్గరికొచ్చేసరికి నా మాట మారుతుంది. ఒక జత సెల్లు చెడితే ప్యాక్ మొత్తం పోయినట్టే లెక్క, మిగతా 18650 రకం లిథియం సెల్లు బాగానే ఉండొచ్చు. వాటిని విప్పి వాడుకునేవాళ్లు ఉన్నారు, పనితనమూ ఉంది. కానీ 4.2 వోల్టులు దాటి చార్జి చేసినా, 2.5 కిందికి పడి ఉన్నదాన్ని మళ్లీ చార్జి చేయబోయినా, రేకు పీకుతుంటే షార్టయినా లిథియం సెల్ మంటై లేవొచ్చు. ఆరుగురు పడుకునే హాస్టల్ గదిలో ఈ పని వద్దే వద్దు. లిథియం కావాలంటే ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి. అక్కడికి దగ్గరలోని కోఠి గుజరాతీ గల్లీలో కొత్త సెల్లూ, దానికి రక్షణ బోర్డూ కొనుక్కోవచ్చు.

మిగిలిన తొక్కలు, మసి, ముట్టుకోకూడని సెల్లు ఎక్కడికి పోవాలి? 2001 నాటి నియమాలు లెడ్-యాసిడ్ బ్యాటరీలకే పరిమితంగా ఉండేవి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పెన్సిల్ సెల్ నుంచి కారు బ్యాటరీ దాకా అన్నిటికీ వర్తిస్తాయి. వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుది, ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇచ్చే బాధ్యత మనది. మన వైపు అపార్ట్‌మెంట్లలో ఆ విడి డబ్బా నాకు ఎక్కువగా కనిపించలేదు.

అసోసియేషన్ పెద్దలకు నాదొక మనవి. వాచ్‌మన్ గది దగ్గర మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టించండి. లిథియం సెల్లు, 9 వోల్టుల బ్యాటరీలు వేసేటప్పుడు కొనలకు టేపు అంటించమని రాసి అతికించండి. నిండాక అనుమతి ఉన్న రీసైక్లర్‌కు అప్పగించండి. అంతకంటే ముందు, మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగే ఇంజనీరింగ్ పిల్లల్ని పిలిచి, అందులోని 9 వోల్టుల బ్యాటరీలు ఏరుకోమనండి.