సొంత మాటకి చోటేది?

1893లో బుడాపెస్ట్‌లో చందా కట్టినవాళ్లకి ఫోన్‌లో వార్తలు, సంగీతం వినిపించేవాళ్లు. అంటే రేడియో కన్నా ముందే ప్రసారం. అమెరికాలో 1920ల దాకా కంపెనీలు ఫోన్‌ని పనికొచ్చే వస్తువుగానే అమ్మాయని, ఆడవాళ్ల కబుర్లని చిన్నచూపు చూశాయని క్లాడ్ ఫిషర్ ‘అమెరికా కాలింగ్’ (1992)లో అంటాడు. ఫోన్‌ని మార్చింది మాట్లాడుకున్నవాళ్లేనన్న ఆ వాదన నాకిష్టం.

కానీ అది ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్ల చరిత్ర. ఉదయగిరి, ఆత్మకూరుల్లో ఎస్టీడీ బూత్ రోజుల్లో సొంత మాటే ప్రసారం. గల్ఫ్‌లో ఉన్న మొగుడికి వినపడాలని గట్టిగా అరిస్తే బయట నిలబడ్డవాళ్లంతా వినేవాళ్లు. “బాగుండావా? డబ్బులందినయ్.” కళ్లేమో మీటరు మీద. అసలు మాట గొంతులోనే ఉండిపోయేది.

నేను చదివిన కథల్లో ఫోన్ మోగితే ఎక్కువగా చావు కబురే. ఆ ఉండిపోయిన మాట కోసం ఇంకా వెతుకుతున్నా.