ఊరి పుట, తరగతి గది: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంలో బ్లాగు, వికీ రచనల పరిశీలన

వ్యాస సంగ్రహం

భాషాబోధనను గురించిన చర్చల్లో బ్లాగునూ వికీనీ ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. ఈ రెండింటి రచనాధర్మాలు వేరని, తరగతిలో వాటి ఉపయోగాలు కూడా వేరని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాల వాక్యనిర్మాణాన్ని ఆధారంగా తీసుకుంటుంది. ఈ పుటలను విద్యార్థులు అనుసరించవలసిన నమూనాలుగా కాక, సంస్కరించవలసిన పాఠాలుగా చూడాలన్నది దీని సారాంశం.

కీలక పదాలు: తెలుగు వికీపీడియా, బ్లాగు, గ్రామ వ్యాసం, మౌఖిక జ్ఞానం, రచనా బోధన.

1. ఉపోద్ఘాతం

పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం తెచ్చింది. ఇతర భాషలు మాతృభాషగా గల పిల్లలూ దీనితో తెలుగు తరగతిలోకి వచ్చారు. హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఈ పరిణామానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగిపోతాయి. పారిశ్రామికవాడలు, తుర్కపల్లి వైపు జినోమ్ వ్యాలీ, కొత్త నివాస సముదాయాలు ఇక్కడికి అనేక రాష్ట్రాల కుటుంబాలను రప్పించాయి. ఇంట్లో తెలంగాణ తెలుగు మాట్లాడేవారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, హిందీయో ఒడియానో మాట్లాడేవారు ఒకే తరగతిలో కూర్చునే నేల ఇది.

సరళ వాచకాలు ఈ పిల్లలకు చదవడం నేర్పగలవు. రాయడం సంగతి వేరు. పరీక్షకు రాసిన వ్యాసానికి పాఠకుడు ఒక్కడే, అతడు మార్కులు వేసే ఉపాధ్యాయుడు. ఆ పాఠకుడికి విషయం ముందే తెలుసు. తెలిసినవాడికి తెలిసినదే చెప్పే రచనలో స్పష్టత అవసరం విద్యార్థికి అనుభవంలోకి రాదు. బ్లాగు, వికీ ఈ లోటు తీరుస్తాయని, నిజమైన పాఠకుణ్ణి సంపాదించి పెడతాయని వాటి సమర్థకుల వాదన. వాదన సబబైనదే. అయితే ఎటువంటి పాఠకుణ్ణి, ఎటువంటి భాషతో అన్న ప్రశ్న మిగిలే ఉంది.

2. రెండు వేదికలు, రెండు ధర్మాలు

బ్లాగు ‘నేను’తో నడిచే రచన. తేదీ ఉంటుంది, రచయిత ఉంటాడు, అభిప్రాయానికి చోటుంటుంది. ఈ శతాబ్ది తొలి దశకంలో లేఖిని వంటి టైపింగ్ సాధనాలు, కూడలి, జల్లెడ వంటి సంకలినులు వచ్చాక తెలుగు బ్లాగులు విస్తరించాయి. పత్రికల పరిష్కరణకు లోబడని వ్యక్తిగత శైలికి, మాండలికానికి అక్కడ చోటు దొరికింది. ఇంటి భాషను కాగితం మీద పెట్టడానికి జంకే విద్యార్థికి ఇది తొలిమెట్టు కాగలదు.

వికీలో ‘నేను’కు తావు లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసం కింద సంతకం ఉండదు, చర్చా పుటలో మాత్రమే ఉంటుంది. ఎవరు ఏ మాట మార్చారో ‘చరిత్ర’ చూపుతుంది. సముదాయం కలిసి మాట్లాడుకునే చోటుకు ‘రచ్చబండ’ అనీ, ఎదగని వ్యాసానికి ‘మొలక’ అనీ, అభ్యాసపు పుటకు ‘ప్రయోగశాల’ అనీ తెవికీ రచయితలు పేర్లు పెట్టుకున్నారు. కొత్త వస్తువుకు ఊరి మాటను అమర్చుకున్న ఈ పదకల్పన స్వయంగా ఒక భాషాపాఠం.

కనుక బ్లాగు నేర్పేది స్వరం, వికీ నేర్పేది నిగ్రహం. ఒకదాని కొలబద్దతో రెండోదాన్ని కొలిస్తే రెండూ విఫలమైనట్టు కనిపిస్తాయి. విద్యార్థి వికీలో తన ఊరిని ‘అందమైన ఊరు’ అని రాస్తే ఆ విశేషణం తొలగిపోతుంది. అదే విద్యార్థి బ్లాగులో అంకెలు మాత్రమే పేర్చితే చదివేవారుండరు.

3. గ్రామ వ్యాసపు వాక్యం

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో చదివే విద్యార్థి అంతర్జాలంలో తన ఊరి పేరు తెలుగులో వెతికితే ఎదురయ్యే పాఠాల్లో తెవికీ గ్రామ వ్యాసం ముఖ్యమైనది. ఈ వ్యాసాలలో అత్యధిక భాగం 2011 జనగణన సమాచారంపై ఆధారపడి, ఒకే మూసలో రూపొందాయి. విద్యా సౌకర్యాలు, వైద్య సౌకర్యం, తాగునీరు, పారిశుధ్యం, భూమి వినియోగం, నీటిపారుదల అన్న శీర్షికలు ఊరి తరువాత ఊరికి అదే వరుసలో వస్తాయి.

వీటి వాక్యాలలో మూడు లక్షణాలు ప్రస్ఫుటం. మొదటిది, కర్త లేకపోవడం. ఊరు ‘విస్తరించి ఉంది’, బడి ‘ఉంది’, దుకాణం ‘ఉంది’. అస్త్యర్థక క్రియ తప్ప దున్నడం, నాటడం, కోయడం, అమ్మడం వంటి మానవ వ్యాపారాలను తెలిపే క్రియలు అరుదు. రెండోది, పేరు మార్చినా పాఠం మారకపోవడం. పొన్నాల స్థానంలో బాబాగూడ అని, డబిల్‌పూర్ స్థానంలో గౌడవెల్లి అని ఉంచి అంకెలు సవరిస్తే వ్యాసం చెల్లిపోతుంది. ఏ ఊరికైనా సరిపోయే వాక్యం ఏ ఊరినీ వర్ణించదు.

మూడోది కాలానికి సంబంధించినది, అన్నిటికన్నా కీలకమైనది. 2011 నాటి స్థితి ఇక్కడ వర్తమాన కాలంలో నిలిచిపోయింది. ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్ జిల్లాగా ఏర్పడింది. తరువాతి సంవత్సరాలలో తూంకుంట వంటి పురపాలక సంఘాలు వచ్చి, అనేక గ్రామాలు వార్డులయ్యాయి. సాగుభూమి ప్లాట్లుగా మారింది. పుటలో మాత్రం హెక్టార్ల లెక్కన పొలం ఇంకా సాగులో ‘ఉంది’. ‘ఉంది’ అనవలసిన చోటేది, ‘ఉండేది’ అనవలసిన చోటేది అన్నది ఇక్కడ వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు, చరిత్ర ప్రశ్న కూడా.

ఈ విమర్శ ఆ పుటలు నిర్మించిన స్వచ్ఛంద రచయితల శ్రమను చిన్నబుచ్చడానికి కాదు. వేల గ్రామాలకు తెలుగులో కనీస సమాచారం సమకూర్చడం, జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత వాటిని కొత్త మండలాలకు అనుగుణంగా సవరించడం సామాన్యమైన పని కాదు. పైగా తెవికీ సముదాయానికి భాషా వివేచన కొరవడలేదు. గూగుల్ సంస్థ చొరవతో యాంత్రిక ఉపకరణాల సాయంతో చేరిన అనువాద వ్యాసాల భాషను సముదాయం తీవ్రంగా విమర్శించింది, వాటి తొలగింపునకూ పూనుకుంది. శైలి కారణంగా పాఠాన్ని నిరాకరించిన ఆ చర్చలు సమకాలీన తెలుగు వచన విమర్శలో భాగంగా చదవదగినవి. అయితే పరాయి వాక్యంపై చూపిన ఆ పరిశీలన జనగణన వాక్యంపై అంతగా ప్రసరించలేదు.

4. మూలం లేని జ్ఞానం

గ్రామ వ్యాసం ఇంత పొడిగా ఉండడానికి మూస ఒక్కటే కారణం కాదు. ప్రచురిత ఆధారం లేని విషయాన్ని వికీపీడియా అంగీకరించదు. విజ్ఞాన సర్వస్వానికి ఈ నియమం అవసరమే. కాని ఊరిని గురించిన జ్ఞానం చాలా వరకు నోటిమాటగా ఉంటుంది. మూడుచింతలపల్లి పేరులో మూడు చింతలు, ఉద్దెమర్రి పేరులో మర్రి వినిపిస్తూనే ఉన్నాయి. అలియాబాద్, లాల్‌గడి మలక్‌పేట పేర్లు మరో భాషాచరిత్రను మోస్తున్నాయి. ఆ పేర్లను గురించి ఊరివారు చెప్పే కథ, శామీర్‌పేట చెరువు కింది సాగుకు సంబంధించిన మాటలు వికీకి నేరుగా ఎక్కవు. నిరాధారమన్న కారణంతో తొలగింపునకు గురైన విద్యార్థి తన అమ్మమ్మ మాట అబద్ధమని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ఈ చిక్కుకు మన సాహిత్య చరిత్రలోనే దారి ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులను ఒకచోట చేర్చిన ఆ గ్రంథం, చెల్లాచెదురుగా ఉన్న స్థానిక జ్ఞానాన్ని ప్రచురిత ఆధారంగా మార్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోట సేకరించి అచ్చులోకి తెచ్చింది. నోటి మాటకూ విజ్ఞాన సర్వస్వానికీ మధ్య ఒక మెట్టు అవసరమని ఈ రెండు ప్రయత్నాలూ చూపుతాయి.

ఆ మెట్టు కట్టవలసిన బాధ్యత తెలుగు శాఖలది. గ్రామనామాలపై, జానపద సాహిత్యంపై మన విశ్వవిద్యాలయాలలో వచ్చిన సిద్ధాంత వ్యాసాలు ఎక్కువగా గ్రంథాలయాల అరలకే పరిమితమయ్యాయి. అవి ప్రచురణకు నోచుకుంటే గ్రామ వ్యాసానికి ఉల్లేఖించదగిన మూలాలవుతాయి. వికీ పుటల పేదరికంలో మన మౌనానికీ వాటా ఉంది.

5. తరగతిలో వినియోగం

పై పరిశీలన ఆధారంగా మూడంచెల పనిని సూచించవచ్చు. మొదటి అంచె దిద్దుబాటు. వికీసోర్స్‌లో పాత పుస్తకపు పుట బొమ్మ ఒక పక్క, దాని పాఠం మరో పక్క కనిపిస్తాయి. ఒకరు దిద్దిన పుటను వేరొకరు సరిచూసి ఆమోదించాలి. ద్విత్వ సంయుక్తాక్షరాలు, అరసున్న, శ-ష-స భేదం, ల-ళ భేదం ఈ పనిలో కంటికి, చేతికి అలవడతాయి. తెలుగును రెండో భాషగా నేర్చుకునేవారికి స్వీయరచన కన్నా ఇది సులువైన ప్రవేశం.

రెండో అంచె బ్లాగు. ఊరి పెద్దలతో మాట్లాడి విన్నది విన్నట్టు, వారి పలుకుబడిలోనే రాయడం. ఇక్కడ మాండలికాన్ని దిద్దకూడదు. ఇంటి భాష వేరైన విద్యార్థి పొరుగింటివారిని అడిగి రాయవచ్చు. అతనికి ఇది వినికిడి పాఠం కూడా.

మూడో అంచె వికీ. గ్రామ వ్యాసంలోని ఒక్క పేరాను తీసుకుని, ఏ సంవత్సరపు సమాచారమో చెబుతూ కాలాన్ని సవరించి, ఆధారం చూపి, మార్పుకు కారణాన్ని చర్చా పుటలో రెండు వాక్యాలలో వివరించడం. మూల్యాంకనం చేయవలసింది ప్రధానంగా ఈ వివరణనే. వ్యాసం రేపు మరొకరి చేతిలో మారవచ్చు, కాని ‘చరిత్ర’లోని కూర్పులను పోల్చి విద్యార్థి వాక్యం ఎందుకు నిలిచిందో, ఎందుకు మారిందో తరగతిలో చర్చించవచ్చు. యంత్రం రాసిన పాఠం చేతికందే ఈ కాలంలో, తయారైన వ్యాసం కన్నా తయారైన క్రమమే విద్యార్థి శ్రమకు నమ్మదగిన సాక్ష్యం.

6. పరిమితులు

కొన్ని జాగ్రత్తలు తప్పవు. రోమన్ అక్షరాలతో టైపు చేసే పద్ధతి తెలిసినవారికి సౌకర్యమే గాని, అక్షర నిర్మాణం ఇంకా పట్టుబడని విద్యార్థి చేత తెలుగును ఇంగ్లిషు వర్ణక్రమంలో ఆలోచింపజేస్తుంది. అచ్చులను ఒకవైపు, హల్లులను మరొకవైపు అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ పలక నేర్చుకోవడానికి వ్యవధి పట్టినా తెలుగు లిపి స్వభావానికి దగ్గరగా ఉంటుంది. మైనర్ల పేర్లు, ఫోటోలు, ఇంటి వివరాలు బహిరంగ పుటల్లోకి రాకూడదు. బడి పిల్లల రచనలను తరగతికి పరిమితమైన బ్లాగులో ఉంచడం మేలు. కంప్యూటరు గంటలు తక్కువైన బడిలో మూడంచెలూ చేయించడం సాధ్యం కాదు, అక్కడ మొదటిది చాలు. ఎన్ని వ్యాసాలు చేర్చారన్న సంఖ్యను లక్ష్యంగా పెడితే మాత్రం మరిన్ని మూస వాక్యాలే పుట్టుకొస్తాయి.

7. ముగింపు

బ్లాగు, వికీ వాటంతట అవి భాష నేర్పవు. వ్యాసం ఎవరి కోసం, ఏ ఆధారంతో, ఏ కాలంలో రాయాలన్న ప్రశ్నలను మాత్రం పాఠ్యపుస్తకం కన్నా నిక్కచ్చిగా అడుగుతాయి. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లు వార్డులుగా మారుతున్న ఈ సమయంలో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు, అడగగల పిల్లలు బడిలో ఉన్నారు. వారు సేకరించినదాన్ని పరిష్కరించి ప్రచురించే పని తెలుగు శాఖలు చేపట్టాలి. ఒక మండలంలోని గ్రామనామాలతో, వాటి స్థానిక కథనాలతో ఒక చిన్న సంపుటం వెలువడినా, ఆ మండలపు గ్రామ వ్యాసాలలో ‘ఉంది’ అన్న క్రియకు తోడుగా మరికొన్ని క్రియలు చేరతాయి.