రేకులో కిటికీలు

బ్రిటన్‌లో రైలుపెట్టెల నమూనాలను సొంత చేత్తో కట్టేవాళ్లున్నారు. వాళ్ల పనంతటిలో నన్ను కట్టిపడేసేది కిటికీలు కోయడం. అక్కడ ఎక్కువమంది పాటించే కొలతలో అసలు అడుగు 4 మిల్లీమీటర్లవుతుంది. 1951లో వచ్చిన మార్క్ 1 రకం పెట్టె పక్కభాగం ఆ లెక్కన సుమారు పాతిక సెంటీమీటర్ల పొడవైన ఇత్తడి రేకు. మందం సుమారు పావు మిల్లీమీటరే. కాస్త ఒత్తితే వంగిపోతుంది.

అందుకే రెండు పక్కలూ ఒకేలా ఉండే పెట్టెకైతే రెండు రేకులనూ టంకంతో అతికించి కలిపే కోస్తారు. ఉక్కు సూదితో గీతలు గీసి, మూలల్లో సన్నని బెజ్జాలు వేస్తారు. కిటికీ మూలల గుండ్రదనం ఆ బెజ్జాలదే. తర్వాత మన కంసాలి చేతిలో ఉండే రంపమే: బ్లేడును బెజ్జంలోంచి దూర్చి, పళ్లు కిందికి ఉండేలా ఫ్రేములో బిగించి, గీతకు లోపలి వైపునే నడపాలి. తొందరపడితే బ్లేడు పుటుక్కున తెగుతుంది. మిగిలిన వెంట్రుకవాసి లోహాన్ని ఆకురాయి తీస్తుంది.

ఒక్క కిటికీ బాగా కోయడం పెద్ద కష్టమేం కాదు. కానీ వరుసలో ఒక్కటి కాస్త కిందికి జారినా చూపు తిన్నగా అక్కడికే పోతుంది. వరుసంతా ఒకే గీత మీద నిలబెట్టిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. ఏ కంపెనీ తయారుచేయని పాత పెట్టె కావాలంటే ఇప్పటికీ కొందరు ఈ రంపమే పడతారు.